నాలుగు టోన్ల కొత్త మోడ్: ప్రసారానికి ముందు నియమాలతో సరిచూసుకున్న ప్రాజెక్టు డైరీ

ఇది అమెచ్యూర్ (హామ్) రేడియోలో కీబోర్డు నుంచి కీబోర్డుకు అక్షరాలు పంపే ఒక సన్నని డిజిటల్ మోడ్, అంటే ప్రసార పద్ధతి. ఎస్‌ఎస్‌బీ ట్రాన్సీవర్‌కు కంప్యూటర్ సౌండ్ కార్డు నుంచి ఒక్కొక్కసారి ఒక్క టోన్ వెళుతుంది. మొత్తం టోన్లు నాలుగు, వాటి మధ్య ఎడం 31.25 హెర్ట్జ్, వేగం సెకనుకు 31.25 సింబళ్లు. ఒక్క టోన్ మోగే వ్యవధి ఒక సింబల్, సెకనుకు ఒక సింబల్ అంటే ఒక బాడ్. మాడ్యులేటర్, డీకోడర్ ఎలా రాశానో ఈ డైరీలో చెప్పడం లేదు. రాసిన మోడ్‌ను గాలిలోకి వదిలే హక్కు నాకుందా, ఉందని ఎలా నిరూపించుకోవాలి అన్న పని మాత్రమే ఇక్కడ ఉంది. మరొకరు తమ మోడ్‌కు ఇదే పని చేసుకునేటప్పుడు నేను పోగొట్టుకున్న గంటలు వారికి మిగలాలన్నది ఉద్దేశం.

దశ 1: నియమాలు చదవడం

నా మోడ్ పేరు ఏ నియమావళిలోనూ ఉండదు, ఉండే అవకాశమూ లేదు. అందువల్ల పేరు కోసం వెతకడం మాని, నియమాలు అడిగే ప్రశ్నల కోసం వెతికాను. అన్ని దేశాలకూ వర్తించే అంతర్జాతీయ రేడియో నిబంధనల నుంచి మొదలుపెట్టి, ఆ తరువాత అమెరికా నియమాలను ఉదాహరణగా తీసుకున్నాను. డిజిటల్ మోడ్‌ల గురించి అవి చాలా వివరంగా రాసి ఉన్నాయి, పైగా వాటి మార్పుల చరిత్ర నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. ఎవరి లైసెన్సు షరతులు వారికి చివరి మాట. నేను మాత్రం ఎక్కడ ఏది కఠినంగా ఉంటే దానినే లక్ష్యంగా పెట్టుకున్నాను.

చదివిన తరువాత మిగిలిన ప్రశ్నలు ఇవి:

1. అర్థాన్ని దాచే ఉద్దేశంతో సంకేతీకరించామా? అంతర్జాతీయ నిబంధనల 25వ అధికరణం, వేర్వేరు దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య అలాంటి ప్రసారాన్ని నిషేధిస్తుంది. 2003 నాటి ప్రపంచ రేడియో సదస్సు సవరించిన ఈ వాక్యంలో మినహాయింపు ఉపగ్రహాలకు పంపే నియంత్రణ సంకేతాలకే ఉంది.
2. ప్రసారం ఎంత వెడల్పు, దానిని ఏ పద్ధతిలో కొలిచాం?
3. ప్రసార తరగతి సంకేతం ఏమిటి?
4. సాంకేతిక వివరాలు బహిరంగంగా ఉన్నాయా? అమెరికా నియమాలు క్లోవర్, జీ-టార్, ప్యాక్టార్ అనే డిజిటల్ మోడ్‌లను ఉదాహరణగా చెబుతూ, వివరాలను బహిరంగంగా నమోదు చేసిన పద్ధతులను అనుమతిస్తాయి.
5. కాల్‌సైన్‌ను, అంటే స్టేషన్ గుర్తింపు సంకేతాన్ని, తక్కువ వ్యవధుల్లో పంపుతున్నామా?

ఈ జాబితాలో ‘వేగం ఎంత?’ అన్న ప్రశ్న లేదని చదువరి గమనించే ఉంటారు. 2024 జనవరి 8 వరకు అమెరికాలో హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లలో 28 మెగాహెర్ట్జ్ దిగువన డేటాకు 300 బాడ్ పరిమితి ఉండేది. ఆ రోజు నుంచి దాని స్థానంలో 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు పరిమితి వచ్చింది. పాత నియమం ఎంత వింతగా పనిచేసేదో ప్యాక్టార్ చూస్తే తెలుస్తుంది. ప్యాక్టార్-3 ఏకంగా 18 టోన్లు వాడినా ఒక్కో టోన్ 100 బాడ్ కాబట్టి చెల్లింది. దాదాపు అదే వెడల్పులో ఒకే క్యారియర్‌తో 1,800 బాడ్ వరకు వెళ్ళే ప్యాక్టార్-4 మాత్రం చెల్లలేదు. పక్క స్టేషన్‌కు ఇబ్బంది కలిగించేది వెడల్పు, బాడ్ కాదు. నా మోడ్ 31.25 బాడే అయినా నా కొలతల సమయమంతా వెడల్పు మీదే పెట్టడానికి కారణం ఇదే.

ఇప్పటివరకు మొత్తం: 9 గంటలు, కొలతలు 0, మోడ్ సాంకేతిక వివరాలతో నేను రాస్తున్న వివరణ పత్రం 2 పేజీలు, గాలిలో ప్రసారం 0 నిమిషాలు.

దశ 2: దూకే టోన్లను తీసివేయడం

తొలి రూపంలో నాలుగు టోన్లూ ఒకే చోట ఉండేవి కావు. ఒక యాదృచ్ఛిక వరుసను అనుసరించి ప్రతి సింబల్‌కూ అవి 500 హెర్ట్జ్ వ్యాప్తిలో చోటు మారేవి. ఫేడింగ్‌లో ఒక చోట సిగ్నల్ పోయినా మరోచోట దొరుకుతుందన్నది ఆలోచన, పరీక్షలో అది బాగానే పనిచేసింది కూడా. పత్రం మొదటి ప్రతిలో దీనిని ‘స్పెక్ట్రమ్‌లో పరచడం’ అని రాశాను.

2010లో వచ్చిన ఆర్‌ఓఎస్ అనే హెచ్ఎఫ్ మోడ్ సంగతి అప్పుడే చదివాను. దాని తొలి వివరణ పత్రమే దానిని స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌గా పేర్కొంది. అమెరికాలో స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌కు 222 మెగాహెర్ట్జ్, అంతకు పై బ్యాండ్లలోనే అనుమతి ఉంది. దాంతో హెచ్ఎఫ్‌లో ఆ మోడ్ వాడవచ్చా లేదా అన్న వివాదం రేగింది, పత్రంలో మాట మార్చినా అది చల్లారలేదు.

నేను మాటను మార్చి ఊరుకోవచ్చా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాను. ఊరుకోకూడదనే తేల్చుకున్నాను. పంపే సమాచారంతో సంబంధంలేని ఒక వరుస ప్రకారం సిగ్నల్‌ను అవసరానికి మించి వెడల్పు చేస్తే, దానిని ఏ పేరుతో పిలిచినా అది స్ప్రెడ్ స్పెక్ట్రమే. నా వరుసకు సమాచారంతో సంబంధం లేదు. కాబట్టి దూకుడును పూర్తిగా తీసివేసి, ఫేడింగ్‌కు విరుగుడుగా రెండు మార్పులు చేశాను:

1. అదనపు బిట్లతో తప్పులను దిద్దే సగం రేటు కన్వల్యూషన్ కోడ్, పొడవు 7, అష్టమ సంఖ్యల్లో 171, 133 బహుపదులు. ఎందరో ఏళ్ళుగా వాడుతున్న జంట కాబట్టి ఇందులో రహస్యమేమీ లేదు.
2. పక్కపక్క బిట్లను దూరంగా చెదరగొట్టే 256 బిట్ల ఇంటర్‌లీవర్. బిట్లను 16 అడ్డు వరుసల్లో రాసి, నిలువు వరుసల్లో చదువుతుంది.

నాలుగు టోన్లలో ఒక్కోటి రెండు బిట్లను మోస్తుంది కాబట్టి 256 బిట్లు అంటే 128 సింబళ్లు. బ్లాక్ ఆరంభాన్ని చూపే 8 సింబళ్ల సింక్‌ను ముందు కలిపితే ఒక్కో బ్లాక్ 136 సింబళ్లు, 4.352 సెకన్లు. కోడింగ్ పోగా మిగిలే అసలు వేగం సెకనుకు 29.4 బిట్లు. ఫేడింగ్‌లో పాత రూపం కంటే కొంచెం వెనుకబడింది. ఆ నష్టానికి నేను ఒప్పుకున్నాను.

ఇప్పటివరకు మొత్తం: 21 గంటలు, కొలతలు 0, పత్రం 3 పేజీలు, గాలిలో 0 నిమిషాలు.

దశ 3: వెడల్పు కొలవడం

ముందు కాగితం మీది లెక్క. అంతర్జాతీయ నిబంధనల 1వ అనుబంధం ఫ్రీక్వెన్సీ మారే డిజిటల్ ప్రసారాలకు ఒక సూత్రం ఇస్తుంది: బాడ్ సంఖ్యకు, డీవియేషన్‌ను 2తోనూ 1.2తోనూ గుణించి వచ్చినదాన్ని కలపాలి. డీవియేషన్ అంటే చివరి టోన్ల మధ్య దూరంలో సగం. నా టోన్ల మధ్య మొత్తం దూరం 93.75, అందులో సగం 46.875. 31.25 + 112.5 = 143.75 హెర్ట్జ్. సూత్రం సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవడానికి, అనుబంధంలోనే ఉన్న 100 బాడ్, 170 హెర్ట్జ్ షిఫ్ట్ ఉదాహరణను లెక్క వేశాను. అక్కడున్నట్లే 304 వచ్చింది.

తరువాత అసలు కొలత. అమరిక:

1. ట్రాన్సీవర్ 5 వాట్ల దగ్గర, అంటే 37 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్లలో చెప్పే శక్తి).
2. ఆ శక్తిని భరించగల, సిగ్నల్‌ను తగ్గించే 40 డీబీ (డెసిబెల్) అటెన్యుయేటర్, దాని తరువాత మరో 40 డీబీ. ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే) రిసీవర్‌కు అందేది −43 డీబీఎం. యాంటెన్నా ఎక్కడా కలపలేదు.
3. ఒక నిమిషంపాటు యాదృచ్ఛిక అక్షరాలు. ఒకే అక్షరం పదే పదే పంపితే స్పెక్ట్రమ్ కృత్రిమంగా సన్నగా కనిపిస్తుంది.
4. సెకనుకు 12,000 శాంపిళ్లు, 8,192 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను సన్నని ఫ్రీక్వెన్సీ గడులుగా విడదీసే గణితం), హాన్ విండో. ఒక్కో గడి 1.46 హెర్ట్జ్.

మొదటి కొలత ఫలితం చూసి అమరికలోనే ఏదో తప్పుందనుకున్నాను. 144 దగ్గర ఉండవలసిన 99 శాతం శక్తి వెడల్పు 780 హెర్ట్జ్ వచ్చింది. శిఖరానికి 26 డీబీ దిగువన చూస్తే సుమారు 1,390. కేబుళ్లు మార్చాను, సౌండ్ కార్డు మార్చాను, పవరును 1 వాట్‌కు తగ్గించాను. అంకె కదలలేదు. రెండు సాయంత్రాలు ఇలాగే పోయాయి.

జవాబు తెరమీదే ఉంది, నేను అంకెనే చూస్తూ బొమ్మను చూడలేదు. నాలుగు టోన్లకు రెండు వైపులా, దువ్వెన పళ్ళలా, సమాన దూరంలో సన్నని గీతలు ఫిల్టర్ అంచు దాకా సాగాయి. కర్సర్ పెట్టి రెండు గీతల మధ్య దూరం కొలిస్తే 31.25 హెర్ట్జ్. అంటే ప్రతి సింబల్ సరిహద్దులోనూ ఏదో ఒకటి తప్పకుండా పునరావృతమవుతోంది. కోడ్ తెరిచి చూస్తే సంగతి తేలింది. ప్రతి సింబల్‌ను నేను సున్నా ఫేజ్ నుంచి, అంటే తరంగపు ఆవృత్తం మొదటి నుంచి, మొదలుపెడుతున్నాను. టోన్ల మధ్యస్థానం 1,000 హెర్ట్జ్ కావడంతో ఒక సింబల్ కాలంలో మొదటి టోన్ 30.5, రెండవది 31.5, ఆపైవి 32.5, 33.5 ఆవృత్తాలు పూర్తిచేస్తాయి. ఏ టోన్ తీసుకున్నా చివర అర ఆవృత్తం మిగులుతుంది, తరువాతి సింబల్ మళ్ళీ సున్నా దగ్గర మొదలవుతుంది. సరిహద్దు దాటిన ప్రతిసారీ 180 డిగ్రీల గెంతు.

దిద్దుబాటు నాలుగు పంక్తులే: ఫేజ్‌ను ఒక చరరాశిలో దాచుకుని, పాత సింబల్ ఆగిన చోటు నుంచే కొత్తదాన్ని కొనసాగించాను. అదే అమరికలో 99 శాతం వెడల్పు 780 నుంచి 138 హెర్ట్జ్‌కు దిగింది. కాగితం మీది 143.75కు అది దగ్గరే.

26 డీబీ కొలత మాత్రం ఇంకో పాఠం నేర్పింది. ఎఫ్‌ఎఫ్‌టీ పొడవు మార్చినప్పుడల్లా అదే రికార్డింగ్‌కు వేరే వెడల్పు వచ్చింది:

- గడి 0.37 హెర్ట్జ్ అయితే 143 హెర్ట్జ్
- గడి 1.46 అయితే 188
- గడి 5.86 అయితే 206

నా టోన్ల ఎడం బాడ్‌కు సరిగ్గా సమానం. అలాంటి సిగ్నల్‌లో కొంత శక్తి టోన్ల స్థానాల్లో సన్నని గీతలుగా నిలుస్తుంది. గడి చిన్నదయ్యేకొద్దీ ఆ గీతలు మిగతా స్పెక్ట్రమ్ కంటే ఎత్తుగా లేచి కనిపిస్తాయి. శిఖరం ఎత్తు పెరిగితే దానికి 26 డీబీ దిగువన పెట్టే కొలత మట్టమూ పైకి జరుగుతుంది, దాంతో వెడల్పు తగ్గినట్లు వస్తుంది. అమెరికా నియమాలు బ్యాండ్‌విడ్త్‌ను 26 డీబీ తగ్గుదలతో నిర్వచిస్తాయి, అయితే ఆ నిర్వచనం మాట్లాడేది సగటు శక్తి గురించి, శిఖరం గురించి కాదు. అంతర్జాతీయ నిబంధనల్లో ఆక్రమిత బ్యాండ్‌విడ్త్ రెండు అంచుల్లోనూ 0.5 శాతం చొప్పున శక్తిని వదిలి కొలిచేది. పద్ధతి చెప్పకుండా వెడల్పు అంకె ఒక్కటే ప్రకటించే పత్రాన్ని నేను ఇకపై నమ్మలేను. నా పత్రంలో మూడు గడుల ఫలితాలూ ఇచ్చాను. బ్యాండ్‌లో చోటు ఎంచుకునేటప్పుడు మాత్రం అన్నిటికంటే పెద్దదైన 206నే లెక్కలోకి తీసుకున్నాను.

చిన్న సవరణ మరొకటి ఉంది. సౌండ్ కార్డు స్థాయి 92 శాతం ఉన్నప్పుడు 2,000 హెర్ట్జ్ దగ్గర రెండవ హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అనవసర సిగ్నల్) −31 డీబీ వద్ద కనిపించింది. స్థాయిని 60 శాతానికి దించితే −47 అయింది. టోన్ల మధ్యస్థానాన్ని 1,500కు జరిపితే హార్మోనిక్ 3,000కు పోయి ట్రాన్సీవర్ ఫిల్టర్ పరిధికి బయట పడింది. రెండూ చేశాను. 1,500 దగ్గర కూడా ఆవృత్తాలు 46.5, 47.5 ఇలాగే వస్తాయి కాబట్టి ఫేజ్ కొనసాగింపు లేకపోతే పాత జబ్బు తిరిగి వస్తుంది.

తరగతి సంకేతం: 144హెచ్ జె2డీ. 144హెచ్ అంటే 144 హెర్ట్జ్, జె క్యారియర్ అణచిన సింగిల్ సైడ్‌బ్యాండ్, 2 సబ్‌క్యారియర్‌తో డిజిటల్, డీ డేటా. నేరుగా ఓసిలేటర్‌నే మార్చి ఇదే సిగ్నల్ పుట్టించేవారు ఎఫ్1డీ అని రాసుకోవాలి.

ఇప్పటివరకు మొత్తం: 46 గంటలు, కొలతలు 31, పత్రం 5 పేజీలు, గాలిలో 0 నిమిషాలు.

దశ 4: పత్రం చదివి ఇంకొకరు డీకోడర్ రాయగలరా?

నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తానికి కీలకం ఇదే. అర్థాన్ని దాచే ఉద్దేశం నాకు లేదని నేను చెప్పుకుంటే సరిపోదు. నన్ను ఎరగని వ్యక్తి పత్రం ఒక్కటే చేతిలో పెట్టుకుని నా ప్రసారాన్ని చదవగలిగితేనే ఆ మాటకు రుజువు.

పరీక్షకు ముందే ఒక లోపాన్ని నేనే పట్టుకున్నాను. బిట్లను కలగలిపే స్క్రాంబ్లర్ తొలి విలువను, పిలుస్తున్న స్టేషన్ కాల్‌సైన్ నుంచి తీసేలా రాసుకున్నాను. మాకు సంబంధంలేని సంభాషణలు తెరమీద పడకూడదన్నదే నా ఆలోచన. కానీ పిలుపు వినకుండా మధ్యలో రిసీవర్ పెట్టిన మూడవ వ్యక్తికి, ఆ కాల్‌సైన్ తెలియకపోతే, ఒక్క అక్షరమైనా అందదు. ఉద్దేశం మంచిదైనా ఫలితం తాళం వేసినట్లే. దానిని తీసివేసి 9 బిట్ల రిజిస్టర్, అన్నీ ఒకట్లతో మొదలు, ప్రతి బ్లాక్ ఆరంభంలో రీసెట్ అని మార్చాను. ఎవరు ఎప్పుడు వినడం మొదలుపెట్టినా రెండు బ్లాకుల లోపు, అంటే 8.7 సెకన్ల లోపు, అక్షరాలు రావడం మొదలవుతుంది.

అక్షరాల పట్టికలోనూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. తెలుగును యూటీఎఫ్-8లో యథాతథంగా పంపితే ఒక్కో సంకేతం 3 బైట్లు. ‘అమ్మ’ అన్న మాటలో అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు సంకేతాలు, 96 బిట్లు, నా వేగంలో 3.27 సెకన్లు. అందుకని తరచుగా వచ్చే అక్షరాలకు, గుణింతపు గుర్తులకు చిన్న కోడ్‌లు ఇచ్చే పట్టిక ఒకటి తయారుచేసుకున్నాను. ఆ పట్టిక నా కంప్యూటర్‌లోనే ఉంటే అది రహస్య లిపి, పత్రంలో అచ్చయితే కుదింపు. మొత్తం పట్టికను పత్రానికి జోడించాను. మూడు పేజీలు పెరిగాయి.

ఆ తరువాత ఒక తోటి హామ్‌కు పత్రం, 10 రికార్డింగులు ఇచ్చి, నా ప్రోగ్రాం చూడకుండా డీకోడర్ రాయమని కోరాను. ఆయన అడిగే ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పకూడదనీ, ప్రతి జవాబునూ పత్రంలోనే రాయాలనీ ముందే నియమం పెట్టుకున్నాను.

మొదటి ప్రయత్నం: 10లో 0. ఆయన తొలి సందేశం ఇది: “టోన్ 0 అన్నిటికంటే కిందిదా, పైదా? మీ పత్రంలో ఎక్కడా లేదండీ.” నిజంగానే లేదు. పత్రంలో లేనివి ఇంకా ఇవి:

1. రెండు బిట్ల జంటలు టోన్లకు ఏ క్రమంలో వర్తిస్తాయి. నేను గ్రే క్రమం (పక్కపక్క టోన్ల మధ్య ఒక్క బిట్టే మారేది) వాడాను.
2. బైట్‌లో ముందు వెళ్ళేది పెద్ద బిట్టా, చిన్న బిట్టా.
3. 171, 133లలో ముందు వచ్చేది ఏది.
4. స్క్రాంబ్లర్ కోడింగ్‌కు ముందా, తరువాతా.

ఇవన్నీ నా ప్రోగ్రాంలో స్పష్టంగా ఉన్నాయి. నా కళ్ళకు అలవాటైపోవడం వల్ల పత్రంలోనూ ఉన్నట్లే తోచాయి.

రెండవ ప్రయత్నం: ప్రతి రికార్డింగులోనూ మొదటి బ్లాక్ చక్కగా వచ్చింది, రెండవ బ్లాక్ నుంచి చెత్త. లక్షణం చూడగానే కారణం అర్థమైంది. స్క్రాంబ్లర్ తొలి విలువ రాశాను గానీ, ప్రతి బ్లాక్‌కూ అది రీసెట్ అవుతుందని రాయలేదు. ఒక్క వాక్యం చేర్చాను.

మూడవ ప్రయత్నం: 10లో 10. అందులో రెండు రికార్డింగులను కావాలనే బ్లాక్ మధ్యలో మొదలయ్యేలా కత్తిరించి ఇచ్చాను. అవీ వచ్చాయి.

అనుకరించేవారికి ఒక సూచన. పత్రం చివర ఒక నమూనా వాక్యాన్నీ, దానికి దశలవారీగా వచ్చే బిట్లనూ, చివరి సింబళ్లనూ అచ్చువేయండి. మొదటి ప్రయత్నానికే ఆ పేజీ ఉండి ఉంటే తోటి హామ్ సమయం 11 గంటలు మిగిలేది.

ఇప్పటివరకు మొత్తం: నావి 71 గంటలు, ఆయనవి 19, కొలతలు 37, పత్రం 11 పేజీలు, గాలిలో 0 నిమిషాలు.

దశ 5: కాల్‌సైన్

మోడ్‌లోనే కాల్‌సైన్ పంపితే చాలనుకున్నాను. కానీ నా డీకోడర్ లేనివారికి ఆ కాల్‌సైన్ కనిపించదు, తమను ఇబ్బంది పెడుతున్నది ఎవరో తెలుసుకోవలసింది వారే. అమెరికా నియమాల్లో ప్రతి 10 నిమిషాలకూ, సంభాషణ చివరా గుర్తింపు పంపాలి. మోర్స్‌లో యంత్రం పంపితే వేగం నిమిషానికి 20 పదాలు మించకూడదు. ప్రతి 9 నిమిషాలకూ, ముగింపులోనూ 18 పదాల వేగంతో మోర్స్ గుర్తింపు పెట్టాను. తొలి కొలతలో మోర్స్ క్లిక్‌లు నా అసలు సిగ్నల్ కంటే వెడల్పుగా కనిపించాయి. చుక్కల అంచులను 5 మిల్లీసెకన్లకు నునుపు చేశాక సర్దుకుంది.

ఇప్పటివరకు మొత్తం: 76 గంటలు, కొలతలు 40, పత్రం 12 పేజీలు, గాలిలో 0 నిమిషాలు.

దశ 6: చోటు ఎంచుకోవడం

బ్యాండ్ ప్రణాళిక చాలాచోట్ల చట్టం కాదు, ఒప్పందం. నేను దానిని చట్టంలాగే పాటించాను. ఐఏఆర్‌యూ (అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘం) మొదటి రీజియన్ ప్రణాళికలో 14,070 నుంచి 14,099 కిలోహెర్ట్జ్ వరకు 500 హెర్ట్జ్ లోపు సన్నని డిజిటల్ మోడ్‌లకు చోటుంది. అందులో 14,089 పైన ఉన్నది మనిషి లేకుండా నడిచే స్టేషన్లకు కూడా. 14,099 నుంచి 14,101 వరకు అంతర్జాతీయ బీకన్లకే, అంటే తరంగాలు ఎంత దూరం అందుతున్నాయో తెలిపే స్టేషన్లకే, కేటాయింపు.

తనంతట తానే పునరావృతమయ్యే పరీక్షా ప్రసారం కోసం డయల్‌ను 14,097.6 దగ్గర మెమరీలో పెట్టుకున్నాను. 1,000 హెర్ట్జ్ మధ్యస్థానంతో అసలు సిగ్నల్ 14,098.6 దగ్గర పడేది. మూడవ దశలో మధ్యస్థానాన్ని 1,500కు జరిపాను గానీ మెమరీ మార్చలేదు. డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు శక్తిని మింగే పరికరం) మీద చివరిసారి ఎస్‌డీఆర్‌లో చూసినప్పుడు సిగ్నల్ 14,099.1 దగ్గర, బీకన్ల చోటులో, నిలిచి ఉంది. అదే రాత్రి యాంటెన్నా కలపాలనుకున్నాను. కలిపి ఉంటే బలహీనమైన బీకన్ల మీద గంటసేపు కూర్చునేవాడిని.

మార్పులు:

1. మెమరీలో డయల్ అంకె దాచడం మానేశాను. ప్రోగ్రామే అసలు ఫ్రీక్వెన్సీ నుంచి మధ్యస్థానాన్ని తీసివేసి డయల్‌కు పంపుతుంది.
2. సిగ్నల్ మధ్యస్థానానికి ఇరువైపులా 103 హెర్ట్జ్, అంటే 206లో సగం, అనుమతించిన అంచు దాటితే ప్రసారం మొదలుకాదు.
3. స్వయంచాలక పునరావృతాన్ని తీసివేశాను. ప్రతి ప్రసారానికీ నేను బల్ల దగ్గర ఉండి మీట నొక్కాలి. దీంతో సిగ్నల్‌ను 14,089 దిగువకు మార్చాను.

ఇప్పటివరకు మొత్తం: 84 గంటలు, కొలతలు 44, పత్రం 13 పేజీలు, గాలిలో 0 నిమిషాలు.

దశ 7: తొలి ప్రసారం

లైసెన్సు ఇచ్చే కార్యాలయానికి పత్రాన్నీ, కొలతల పట్టికనూ, తరగతి సంకేతాన్నీ జతచేసి లేఖ పంపాను. అనుమతి కోరుతూ రాసిన లేఖ కాదది. ఈ తరగతి, ఈ వెడల్పు నా లైసెన్సు షరతుల్లోకి వస్తాయని నేను చదివిన తీరును ఏ షరతు ఏ వాక్యమో చూపుతూ రాసి, నా అవగాహన తప్పయితే తెలియజేయమని కోరాను. రాతపూర్వకంగా సమ్మతి వచ్చిన తరువాతే యాంటెన్నా కలిపాను.

5 వాట్లతో మూడు ప్రసారాలు, ఒక్కొక్కటి 4 నిమిషాలు. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ రెండు నిమిషాలు విన్నాను. తోటి హామ్ నా ప్రోగ్రాంతో కాక, పత్రం చూసి తాను రాసుకున్న డీకోడర్‌తోనే విన్నారు. మొదటి ప్రసారంలో 55 బ్లాకులకు 49, రెండవదానిలో 52, మూడవదానిలో 31 అందాయి. మూడవసారి ఫేడింగ్ లోతుగా ఉంది, పోయిన బ్లాకులు వరుసగా ఉన్నాయి. ఇంటర్‌లీవర్‌ను 256 నుంచి 512 బిట్లకు పెంచితే మేలేమో చూడాలి. కానీ అప్పుడు బ్లాక్ పొడవు, వినేవారి నిరీక్షణ, నమూనా పేజీ అన్నీ మారతాయి, తోటి హామ్ మళ్ళీ కొత్త పత్రంతో మొదటినుంచి డీకోడర్ దిద్దుకోవాలి. ఆయన ఒప్పుకున్నారు.

ఇప్పటివరకు మొత్తం: 93 గంటలు, కొలతలు 44, పత్రం 13 పేజీలు, గాలిలో 12 నిమిషాలు.